నుదుటి మీది రెండో జత

పోయిన వారం మనం కోడలిని కంప్యూటర్ తెర ముందు ఒంటరిగా వదిలి వచ్చాం. ఆ తెర నిండా ఒక ఈగ ముఖం ఉంది. అసలు ఈగ ఆవగింజలో సగం ఉండదు. తెర మీద మాత్రం దాని కన్ను పళ్ళెమంత, దాని మీసం కొమ్మంత. వీపు వంగి ఉంటుంది కనుక దాన్ని ఆ ఇంట్లో గూని ఈగ అంటారు. మరిది పెంచే తేనెటీగల పెట్టె ముందు కుప్పగా చచ్చిపడిన తేనెటీగల్లో, ఒకదాని మెడ చీల్చుకుని బయటికి వచ్చింది అది.

గూని ఈగల్లో రెండు రకాలు అక్కచెల్లెళ్ళలా ఒకే పోలికతో ఉంటాయి. ఒకటి చచ్చిన తేనెటీగలో మాత్రమే గుడ్డు పెడుతుంది. అది శవాల ఈగ, దానివల్ల హాని లేదు. రెండోది బతికి ఎగురుతున్న తేనెటీగలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలినుంచి తింటూ పెరుగుతుంది. ఆ రెండోది ఒక్కటి కనిపించినా పెట్టెలన్నిటినీ కాల్చేయాలి. అది పెంపకందారులు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. రెంటినీ వేరు చేసే గుర్తు నుదుటి మీద ఉంటుంది. శవాల ఈగకు మీసాల పైన రెండు జతల రోమాలు. రెండోదానికి ఒక్క జతే.

ఏ ఈగనైనా చూసి పేరు చెప్పగలరని ఊరంతా ఈగలమ్మ అని పిలుచుకునే అత్తగారు, నిన్న సాయంత్రం గోడకు వేలాడదీసిన చిత్రాన్ని పరకాయించి చూసి, "రెండు జతలున్నాయి. శవాల ఈగే. భయం లేదు" అన్నారు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మరిది తల్లిని ఎత్తి గిరగిరా తిప్పబోయి తిట్లు తిన్నాడు. ఇవాళ చీకటి పడ్డాక, తేనెటీగలన్నీ గూటికి చేరాక, అతని పెట్టెలు లారీ ఎక్కి పూలతోటలకు పోతాయి. అక్కడ ఎందరో పెంపకందారుల పెట్టెల నడుమ వరుసలో కూర్చుంటాయి.

ఆ చిత్రం తీసింది కోడలు. అందరూ తేలికపడిన చోట ఆమెకే ఎందుకో బరువుగా ఉంది.

ఉదయపు వెలుగు పలచటి తెల్ల పరదాను దాటి పాలమీగడలా నేల మీద పరుచుకుంది. బయట మబ్బు పట్టింది. వాన ఇంకా మొదలు కాలేదు కానీ దాని వాసన ముందే వచ్చి గదిలో కూర్చుంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, అలవాటు ప్రకారం, చిత్రం లోపలికి నడిచింది.

పెళ్ళికి ముందు నగల దుకాణానికి ఫొటోలు తీసేది ఆమె. ఉంగరం ఫొటో తీసేటప్పుడు రాయిలోకి దిగి, దాని గదుల్లో తిరిగి, బయటికొచ్చేది. ఈ ఇంటికి వచ్చాక రాళ్ళు పోయి ఈగలు వచ్చాయి. తిరగడం మాత్రం అలాగే ఉంది. కంటి అంచున మొదలుపెడితే దారి చల్లగా ఉంటుంది. వేల అద్దాలు పేర్చిన గుట్ట అది, ఒక్కో అద్దంలోనూ ఒక్కో చిన్న కిటికీ మెరుస్తుంది. గుట్ట దిగితే నుదురు. నున్నటి, గోధుమరంగు మైదానం, ఎవరూ నడవని చోటు. మైదానం చివర, మీసాల పుట్టుక దగ్గర, రోమాలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఆకులు లేని చెట్లలా, గాలి లేని ఊళ్ళో జెండా కర్రల్లా. వాటి నీడన కాసేపు కూర్చోవచ్చు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

ఆమె కూర్చుంది. పైకి చూసింది. ఎడమవైపు పై రోమం కొన విరిగి ఉంది. గొడుగు కామ వంగినట్టు, ఒక చిన్న మలుపు తిరిగి ఆగిపోయింది. పాపం, పెళుసుగా ఎండి విరిగి ఉంటుంది అనుకుంది.

తరవాత కిందికి చూసింది.

ఎడమవైపు కింది రోమం కొన కూడా విరిగి ఉంది. అక్కడే. అదే మలుపు.

 మైదానం, గుట్ట, చెట్లు అన్నీ ఒక్క విదిలింపుతో మాయమై, ఆమె మళ్ళీ కుర్చీలో, తెర ముందు ఉంది.

ఇంత చిన్న ప్రాణిని అంత దగ్గరగా చూస్తే, కెమెరాకు ఒక్కసారికి పలచటి పొర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. మీసం కొన కనిపిస్తే మిగతాదంతా పొగమంచు. కెమెరాను వెంట్రుకవాసి ముందుకు జరిపితే ఆ కొన మంచులో కలిసిపోయి, దాని వెనక ఉన్నది తేలుతుంది. అలా ఒక్కో పొరా తీసుకుంటూ పోయి, ప్రతి పొరలోనూ తేటగా ఉన్న మేరను ఏరి, కంప్యూటరు చేత ఒకటిగా కుట్టిస్తారు. ఆ కుట్టిన చిత్రాన్ని ఇంట్లో దొంతర అంటారు. గోడకు వేలాడుతున్నది దొంతరే.

ఆమె దొంతరను పక్కకు తోసి పొరలను ఒక్కొక్కటిగా తెరిచింది. ఒక పొరలో రోమాల జత పైన ఉంది, తేటగా. తరవాతి పొరల్లో మంచు. ఆ తరవాత, ఇంకా లోతున, రోమాల జత కింద ఉంది, తేటగా. పైన ఏమీ లేదు. ఉండవలసిన చోట నున్నటి నుదురే. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఏ పొరలోనూ రెండు జతలు ఒకేసారి లేవు.

సూది మొనకు ఈగను అతికించిన జిగురు పూర్తిగా ఆరలేదు. ఫొటో మధ్యలో ఎక్కడో, నిద్ర ముంచుకొచ్చినట్టు, ఈగ తల కొద్దిగా కిందికీ వెనక్కీ వాలింది. నున్నటి నుదుటి మీద ఆ వాలు జాడ తెలియలేదు. రోమాలు మాత్రం రెండుసార్లు తేలాయి. ఉన్నది ఒక్క జత. రెండో జత దాని కల.

పోనీ అసలు ఈగను మళ్ళీ చూద్దామంటే, నిన్న దాన్ని జిగురులోంచి తీయబోతే నుదురు పొడిలా రాలిపోయింది. ఇక ఆ ఈగకు ముఖమంటూ మిగిలింది ఈ పొరల్లోనే.

ఆమె నాలుగు పొరలు ముద్రించి, కాగితాలు గుండెకు హత్తుకుని, నడవా దాటింది. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? చిత్రం తనది. దాన్ని చూసి మాట ఇచ్చింది అత్తగారు. ఆ మాట మీద ఆశ పెట్టుకుంది మరిది. ఈ కాగితాలు బల్ల మీద పెట్టడమంటే అతని పెట్టెల కింద తానే అగ్గిపుల్ల గీయడం. పెట్టకపోతే ఈ రాత్రి ఆ ఈగ కూడా లారీ ఎక్కుతుంది.

అత్తగారి గదిలో గోడ నిండా ఈగల ముఖాలే. మైక్రోస్కోపు మీద వంగితే మెడ పట్టేస్తోందని, కొన్నాళ్ళుగా ఆవిడ ఇలా పెద్ద చిత్రాలను వేలాడదీయించుకుని, వాలు కుర్చీలోంచే పేర్లు చెబుతున్నారు. వచ్చినవాళ్ళు ఆ గోడను చూసి జడుసుకుంటారు. ఆవిడ మాత్రం చుట్టాల ఫొటోలు చూపించినట్టు చూపిస్తారు. ఇది గొంగళిపురుగును తినేది, ఇది చీమ తల కోసేది, ఇది ఒట్టి తిండిపోతు.

"గుమ్మంలో నిలబడి ఆలోచించేదేదో లోపలికొచ్చి ఆలోచించమ్మాయ్. గాలికి అడ్డంగా ఉన్నావు."

"అత్తయ్యా, మీకొకటి చూపించాలి. కోప్పడనంటేనే."

"కోప్పడొద్దని ముందే మాట తీసుకునేవాళ్ళు నేనెప్పుడూ మంచి కబురుతో వచ్చినవాళ్ళని చూళ్ళేదు. ఏదీ?"

ఆమె కాగితాలను బల్ల మీద వరసగా పేర్చింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకోలేదు. కాగితాల వైపు వంగలేదు. కిటికీ అవతల మబ్బు ఎలా ముదురుతోందో చూస్తూ, మెల్లగా అన్నారు.

"ఎడమవైపు పై రోమం కొన విరిగింది. కిందిది కూడా అక్కడే విరిగింది. అదేగా?"

 కోడలు గదిలోకి వచ్చేటప్పుడు కూడగట్టుకున్న ధైర్యమంతా ఎందుకూ పనికిరాకుండా చేతుల్లోనే మిగిలిపోయింది.

"మీరు... చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు దాన్ని గోడకు వేలాడదీసి, వంకర లేదు కదా అత్తయ్యా అని అడిగావు చూడు. అప్పుడే."

పరదా ఒకసారి లోపలికి ఉబ్బి, మళ్ళీ కిటికీకి అంటుకుంది. గోడ మీది ముఖాలన్నీ ఆ వెలుగులో ఒక్క క్షణం కదిలినట్టనిపించింది.

"మరి రెండు జతలున్నాయన్నారు."

"చిత్రంలో ఉన్నాయిగా."

"అత్తయ్యా!"

"అవును, అవును. అలా పిలవకు, నాకే నామీద అసహ్యంగా ఉంది." ఆవిడ ఒళ్ళోని చేతులను ఒకదాన్నొకటి పట్టుకున్నారు. "వాడు అదిగో, నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పి వచ్చినప్పుడు కూడా అలా నిలబడలేదు, ఆ వెధవ. నవ్వుతూ వచ్చేవాడు. నిన్న నవ్వలేదు. 'రెండు జతలున్నాయా అమ్మా?' అని అడిగాడు. నాకు పేర్లు చెప్పడం తప్ప ఇంకేం వచ్చు? ఉన్నాయిరా అనేశాను. నోరు అనేసింది. తరవాత నేను దాని వెనక నిలబడ్డాను."

"మీరు నాకు మొదటిరోజే చెప్పారు. ఈగను చూడు, అది ఎవరింట్లో దొరికిందో చూడకు అని."

"చెప్పాను. చాలామందికి చెప్పాను. చెప్పడం బాగానే ఉండేది."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు బల్ల పక్కన నేల మీద కూర్చుంది. "తప్పు నాదే కదా అత్తయ్యా. జిగురు ఆరేదాకా ఆగాల్సింది. వెలుగు బాగుందని తొందరపడ్డాను. నేను సరిగ్గా తీసి ఉంటే మీకు..."

"నాకు అబద్ధమాడే వీలుండేది కాదు. అంతేగా? ఊరుకో. నీది చేతి పొరపాటు, జిగురుతో పోతుంది. నాది నాతోనే ఉంటుంది." ఆవిడ కోడలి తల మీద చెయ్యి వేశారు. ఈగ రెక్కను తాకినంత తేలిగ్గా. "వాడు చేతబట్టిన ప్రతిదీ జారిపోయింది. దుకాణం పెట్టాడు, మూసేశాడు. కారు నడిపాడు, గుద్దాడు. ఈ తేనెటీగల దగ్గరే నిలబడ్డాడు. ఇవాళ రాత్రి లారీ కదిలేలోగా ఎలాగైనా చెబుదామని పొద్దున్నించీ మాటలు కూడగట్టుకుంటున్నా. నువ్వొచ్చావు. మంచిదయింది. ఇక కూడగట్టక్కర్లేదు."

అంతలో వరండాలో చెప్పులు విడిచిన చప్పుడు, వెంటనే ఈల, ఆ వెనకే మైనం వాసన. మరిది లోపలికి వచ్చాడు. వల కట్టిన టోపీ మెడ వెనక్కి వేలాడుతోంది, చొక్కా జేబులో ఒక తేనెటీగ దారి తెలియక తిరుగుతోంది.

"ఏంటిది, అత్తాకోడళ్ళిద్దరూ ఇంత నిశ్శబ్దంగా ఉన్నారు? ఎవరు గెలిచారు? వదినా, నేల మీద కూర్చున్నావంటే నువ్వే ఓడిపోయినట్టున్నావు."

"నీ జేబులో తేనెటీగ ఉంది మరిదిగారూ. ముందు దాని సంగతి చూసుకో."

"అది నా కార్యదర్శి. ఎక్కడికెళ్ళినా వెంటే ఉంటుంది." కిటికీ ఇంకాస్త తెరిచి, జేబు తిరగేసి, దాన్ని బయటికి వదిలాడు. అప్పుడు చూశాడు తల్లి ముఖం. "అమ్మా? మెడ నొప్పా?"

"కూర్చోరా."

"కూర్చోమన్నావంటే నొప్పి నాకన్నమాట."

కూర్చున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు చెప్పాలన్న బరువును ఆ చూపులోనే అటూ ఇటూ మార్చుకున్నారు. చివరికి కోడలే నాలుగు కాగితాలూ తీసి అతని మోకాళ్ళ మీద పెట్టింది.

"ఇదిగో, ఈ పొరలో రోమాలు ఎక్కడున్నాయి?"

"పైన."

"కింద?"

"కింద ఏం లేవు."

"తరవాతి కాగితం తియ్యి. ఇక్కడ?"

"మసక మసగ్గా ఉంది. ఏం కనపళ్ళేదు."

"ఇక్కడ?"

"కిందున్నాయి." కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "పైన లేవు." కాగితాలను తనంతట తానే వెనక్కి తిరగేశాడు, మళ్ళీ ముందుకి. "ఇదేంటి వదినా, ఒకచోట ఉంటే ఇంకోచోట లేవే. ఎక్కడ రెండు జతలు?"

"ఫొటో తీస్తుంటే ఈగ తల వాలిపోయింది. ఒకే జత రెండుసార్లు పడింది. నేను చూసుకోలేదు."

అతను నవ్వాడు. ఇద్దరూ కలిసి ఆటపట్టిస్తున్నారని ఇంకా ఆశ. ఆ నవ్వు ఎవరి ముఖంలోనూ చోటు దొరక్క, గది మధ్యలో కాసేపు తిరిగి, చల్లారింది.

"నిన్న ఉన్నాయన్నావు కదమ్మా."

"అన్నాను."

"ఇవాళ లేవంటున్నారు."

"నిన్న కూడా లేవురా."

వాన మొదలైంది. మొదట గాజు మీద విడివిడి చుక్కలు, తరవాత అన్నీ కలిసి ఒకటే నీటి పరదా. గది లోపలి వెలుగు చెరువు అడుగున ఉండే వెలుగులా మారింది. అందులో ముగ్గురూ, గోడ మీది ముఖాలూ, నిదానంగా ఊగుతున్నట్టున్నారు. అతను అరుస్తాడని కోడలు ఎదురుచూసింది. అరవలేదు. కాగితం మీద, విరిగిన కొన దగ్గర, బొటనవేలు పెట్టి తుడుస్తున్నాడు, మరకైతే పోతుందేమోనన్నట్టు.

"తెలిసే చెప్పావా?" అన్నాడు.

"తెలిసే చెప్పాను."

"నాకోసం."

"నీకోసమని అనుకున్నాను. నీ ముఖం అలా ఉంటే చూళ్ళేక, నాకోసమే చెప్పుకున్నాను." అత్తగారి గొంతు వణకలేదు. వణికితే బాగుండునని కోడలికి అనిపించింది. "నన్ను తర్వాత తిట్టుకుందువుగాని. సాయంత్రం దాకా టైముంది. లారీ వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. పెట్టెలు ఇక్కడే ఉంటాయి. ఏం చేయాలో ఇక్కడే చేద్దాం. నేనూ వస్తాను. నీ పక్కనే నిలబడతాను."

మరిది తలెత్తలేదు.

"సగం పెట్టెలు లేవమ్మా."

"లేవా? ఏమయ్యాయి?"

"వానొస్తుందన్నారు. మట్టిదారి బురదైతే లారీ దిగబడుతుందని, నువ్వు మాట చెప్పగానే సగం నిన్న రాత్రే పంపేశాను. మిగతా సగంతో ఇవాళ నేను వెళ్దామని. పొద్దున దిగాయట. పూలన్నీ విచ్చుకుని ఉన్నాయట అక్కడ." అతను మోకాళ్ళ మీది కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకోటి కూడా ఉంది."

"ఇంకా ఏంటి?" అంది కోడలు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"అక్కడ పెద్దాయన ఉన్నాడు చూడు, తోటల దగ్గర అందరికీ పెద్దదిక్కు. ఆయన పెట్టెల్లో కూడా మొన్న ఇలాంటి గూని ఈగే కనిపించిందట. కట్టుబాటు ప్రకారం కాల్చేద్దామని పెట్టెల చుట్టూ గడ్డి కూడా పేర్చుకున్నారు. నేనే ఫోన్ చేశాను. మా ఈగను అమ్మ చూసింది, శవాల ఈగే, మీదీ అదే అయ్యుంటుంది, ఏం భయం లేదు అని చెప్పాను. ఈగలమ్మ చెప్పిందంటే ఇంకేంటి అని గడ్డి తీసేశారు. ఆ ముసలాయన ఫోన్లో ఏడ్చాడమ్మా, ఆనందంతో."

అత్తగారు లేచి నిలబడ్డారు. కుర్చీ ఆవిడ వెనక ఖాళీగా ఊగుతూనే ఉంది. గోడ దగ్గరికి నడిచి, నిన్నటి చిత్రం ముందు ఆగి, రెండు చేతులతో దాన్ని మేకు నుంచి దింపారు. ముఖం గోడవైపు తిప్పి నేల మీద ఆనించారు. తరవాత చెయ్యి చాచారు.

"ఫోనివ్వు."

"నేను మాట్లాడతానమ్మా. చెప్పింది నేనే కదా."

"నువ్వు నా మాట చెప్పావు. ఇవ్వు."

అతను నంబరు నొక్కి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చెవికి పెట్టుకోలేదు. కాగితాల నడుమ, బల్ల మీద, ముగ్గురికీ వినిపించేలా పెట్టి, అటువైపు ఎత్తగానే తానెవరో చెప్పారు. అక్కడ వాన లేదు. గొంతుకు ముందు వెలుగు వినిపించింది. ఎండలో గలగలలాడే ఆకులు, దూరంగా ఎవరో నవ్వడం.

"అమ్మా! మీరే చేశారా?" ముసలి గొంతు, పరుగెత్తి వచ్చినట్టు ఆయాసంగా, సంబరంగా. "నూరేళ్ళు చల్లగా ఉండాలి తల్లీ మీరు. మీ మాటే లేకపోతే ఈపాటికి మా పెట్టెలన్నీ బూడిదైపోయేవి."

కోడలు కళ్ళు మూసుకుంది. తన వేలి మీద అత్తగారి వేళ్ళు వచ్చి ఆనాయి. ఈసారి తేలిగ్గా లేవు.

"పెద్దాయనా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. మధ్యలో మాట్లాడకు," అన్నారావిడ. "నేను తప్పు చెప్పాను. మావాడి పెట్టెల దగ్గర దొరికింది శవాల ఈగ కాదు. బతికున్నవాటిని తినేది. నాకు నిన్ననే తెలుసు. తెలిసి తప్పు చెప్పాను. మావాడికి తెలీదు, మా కోడలికి తెలీదు. నాకు తెలుసు."

అటువైపు నవ్వు ఆగింది. ఆకుల గలగల ఆగలేదు.

"విన్నావా?"

"విన్నానమ్మా." గొంతు ఎంతో దూరం నుంచి వచ్చింది.

"మావాడి పెట్టెలు నీ దగ్గరున్నాయి. వాటి గుమ్మాలకు ప్రయాణం కోసం జాలీలు బిగించి ఉంటాయి. వాటిని ముట్టుకోకండి. ఒక్కటి కూడా తీయకండి. నీ పెట్టెలూ, పక్కవాళ్ళ పెట్టెలూ మూసేయండి. నేను బయల్దేరి వస్తున్నా."

 లైను తెగిందేమోనని మరిది ముందుకు వంగాడు. తెగలేదు. అటువైపు ఆయన ఫోనును చెవి నుంచి దించి, తన చుట్టూ ఉన్నదానికి ఎత్తి పట్టుకున్నాడు.

మొదట వాన చప్పుడే అనుకుంది కోడలు. కాదు. అది బల్ల మీదనుంచి లేచింది, కాగితాల అంచులను తాకింది, కిటికీ గాజులో సన్నగా మోగింది. వేలు, లక్షలు, ఎండలో లేచి పూలమీద వాలి మళ్ళీ లేస్తున్న రెక్కల మోత. ఎక్కడా తెగని, ఎక్కడా అతుకు లేని, ఒకే బంగారు మోత. గది నిండింది. మరిది రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ మోతలో ఏ రెక్క తనదో, ఏ రెక్క పరాయిదో, పుట్టినప్పటినుంచీ వాటిని పెంచినవాడు కూడా చెప్పలేడు.

"జాలీలు ఇప్పుడే తీశాం తల్లీ," అంది ముసలి గొంతు ఆ మోత నడుమ. "మీవాడి తేనెటీగలూ, మావీ, అందరివీ కలిసిపోయాయి. ఒకే తోటలో తిరుగుతున్నాయి. ఇప్పుడు ఎవరి పెట్టెలు కాల్చమంటారు?"